రెండు ఈస్టర్ల నడిమి చేను

ఎర్కా మఠం, రాతగది
క్రీస్తు జయంతి తరువాత పదిహేనో రోజు

నాన్నా,

ఈ మైనపు పలకను మన ఊరి గుడి కొల్గు గురువుగారు నీకు చదివి వినిపిస్తున్నంతసేపూ కాళ్లు ఊపకుండా కూర్చుని విను. సంగతి పెద్దది.

మా మఠాన్ని కట్టిన పునీతురాలు ఎర్కా చనిపోయి ఎనభై ఏళ్లు దాటింది. విడివిడిగా కొన్ని పుటలు తప్ప ఇంతవరకు ఆమె చరిత్రను ఎవరూ పూర్తిగా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నారు. పందొమ్మిది మంది చదువుకుంటున్న చోట, ఆ రాతపని నాకు ఇచ్చారు. మన ఇంట్లో తాతముత్తాతల నుంచి ఒక్కరికీ అక్షరం ముక్క రాదు కదా. అందుకే మొదటి పుట రాయడానికి పొద్దంతా పట్టింది. చలి కూడా కొంత కారణం. సిరా గడ్డకట్టకుండా సిరాకొమ్మును చంకలో పెట్టుకుంటున్నాను.

మఠం తల్లి దూన్‌లాగారు చెబుతారు, నేను రాస్తాను. ఆమె ఎర్కాను చూడలేదు. అయితే ప్రార్థనలో కూర్చుంటే అన్నీ గుర్తుకొస్తాయట. నిన్న మూడు అద్భుతాలు గుర్తుకొచ్చాయి. మొన్న పంటినొప్పి వల్ల ఒక్కటీ రాలేదు.

మన రాజు ఫయిలన్‌గారు కూడా వచ్చారు. దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. ఆయన రాజ్యం ఎంతటిదో నీకు తెలుసు. ఆయన ఎద్దు తాడు తెంచుకుంటే పరాయి రాజ్యంలో మేస్తుంది. చరిత్రలో వాళ్ల తాత సంగతి మార్చాలని అడగడానికి వచ్చారు. నేను ముందు రాసినదాని ప్రకారం ఆ తాత ఎర్కా మీదికి కుక్కల్ని ఉసిగొల్పాడు. నీ వంశంలో ఎవరికీ సరిగ్గా గడ్డం మొలవదని ఆమె శపించింది. రాజుగారు తన గడ్డాన్ని చేత్తో కప్పుకుని ఇదంతా విన్నారు. మర్నాడు మఠానికి పన్నెండు ఆవులు వచ్చాయి. ఇప్పుడు తాత మోకరిల్లి ఎర్కాకు ఒక చేను దానం చేస్తున్నాడు.

"ఈ రెండిట్లో ఏది నిజం తల్లీ?" అని అడిగాను.

"రెండూ జరిగాయి. మొదటిది ముందు, రెండోది ఆవులు వచ్చాక" అన్నారు తల్లిగారు.

దానం కథ చాలా బాగుంది. తపస్సు కాలపు నలభై రోజుల ఉపవాసం ముగించి, ఈస్టర్ ఉదయాన ఎర్కా ఒక వంక మలుపు దగ్గరికి వచ్చింది. ఒడ్డున మూడు నిలువు బండలున్న చేను. దాహం వేసి ప్రార్థించింది. వంకలో నీళ్లు పోయి పాలు పారాయి. ఆమె తాగింది. అది చూసిన రాజుగారి తాత ఆ చేనును ఆమెకూ, ఆమె తరువాత మఠానికీ ఇచ్చేశాడు. రాస్తుంటే మన వంకచేను గుర్తొచ్చింది. మనకూ మూడు బండలున్నాయి కదా. దేశంలో అలాంటి చేలు ఎన్ని ఉంటాయో. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

వేళ్ల మీద ఈస్టర్ లెక్క కట్టడం కూడా నేర్చుకున్నాను. ఉత్తరాన కొందరు మూర్ఖులు ఇంకా పాత లెక్కనే పట్టుకుని, ఈ ఏడు ఈస్టర్‌ను మనకంటే నెల రోజులు ఆలస్యంగా చేస్తారట. చంద్రుణ్ణి చూడటం కూడా రాని మనుషులకు దేవుడు ఎలా కనిపిస్తాడో.

నల్లావు ఈనిందా? అమ్మ దగ్గు తగ్గిందా?

కిటికీ పక్క బల్ల దొరికిన నీ కూతురు,
రోనత్


వంకచేను దగ్గర ఇల్లు
బ్రిగిత పండుగకు అయిదు రోజుల ముందు
బెకన్ చెప్పగా కొల్గు రాసినది

అమ్మాయీ,

నీ పలక ఊళ్లో పదకొండు ఇళ్లలో చదివించాను. కొల్గు గురువుగారి గొంతు పోయింది. పోతే పోనీ, వెన్నముద్ద ఇచ్చాగా. (చిన్న ముద్ద. కొల్గు.)

నల్లావు పెయ్యదూడని ఈనింది. మీ అమ్మ దగ్గు అలాగే ఉంది, తిట్టడానికి మాత్రం అడ్డం రావట్లేదు.

ఇక అసలు మాట విను. మీ మఠం వాళ్లు మనకెంత మర్యాద చేశారో తెలుసా. పోయిన వారం ఇద్దరు మఠకన్యలూ, రాజుగారి మనిషీ వచ్చి మన వంకచేను నడిమధ్యన నిలువెత్తు కొయ్య సిలువ పాతారు. మా అమ్మాయి ఎర్కా చరిత్ర రాస్తుందిగా, అందుకని. నేనేమీ అడగలా. అడిగితే బాగుండదు. వాళ్ల పార బండకు తగిలి వంగిపోతే నా పార తెచ్చి గొయ్యి నేనే తవ్విపెట్టా. మీ అమ్మ వేడివేడి బార్లీ రొట్టె, పెరుగు పెట్టింది. రాజుగారి మనిషి మూడు గిన్నెల బార్లీ కల్లు తాగి, చేనంతా అడుగులేసి కొలిచాడు. "ఎందుకయ్యా?" అంటే, "పుస్తకంలోకి" అన్నాడు. చూశావా, మన చేను పుస్తకంలోకెక్కుతోంది.

పక్కింటి క్రోన్ మాత్రం కంచె పట్టుకుని నవ్వుతా నిలబడింది. "ఏం నవ్వు?" అన్నాను. "ఏం లేదు బావా, పార నీదేనా అని" అంది. పోయినేడు ఆమె చేను మఠానికి పోయినప్పటి నుంచీ అంతే, మనిషి తిన్నగా మాట్లాడదు. దేవుడికి పోయినదానికి ఏడవడమేంటో.

ఆ పుస్తకంలో నా పేరు కూడా ఒక మూల రాయి. పెద్దగా వద్దు.

మీ నాన్న.

(అమ్మాయి రోనత్‌కు కొల్గు రాసే మాట: నీ ఉత్తరంలో పాత లెక్క వాళ్లను గురించి రాసిన వాక్యం మీ నాన్నకు చదవలేదు. చదివితే ఆయన నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.)


ఎర్కా మఠం
బ్రిగిత పండుగ తరువాత నాలుగో రోజు

నాన్నా,

కూర్చున్నావా? కూర్చో.

అది మర్యాద కాదు. పొలిమేర గుర్తు. సిలువ పాతిన చోటల్లా మఠం భూమి. నీ పారతో నువ్వే తవ్వావని చదివి, పలకను బోర్లా పెట్టేశాను.

వంక మలుపు, మూడు బండలు అని రాసినప్పుడు అది మన చేనే అని నాకు తెలియదు. నా చేత్తో నేనే రాశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయని మురిసిపోయాను కూడా.

వెంటనే తల్లిగారి దగ్గరికి వెళ్లాను. ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాను.

"తల్లీ, అది మా నాన్న చేను. మా ముత్తాత అడవి కొట్టి చదును చేశాడు" అన్నాను.

"మీ ముత్తాత కంటే ముందు ఎర్కా అక్కడ పాలు తాగింది కదమ్మా."

"అలాగని ఎవరు చెప్పారు తల్లీ?"

"పుస్తకంలో ఉంది. నువ్వే రాశావు. నీ రాత చాలా స్పష్టంగా ఉంది, ఎవరూ కాదనలేరు" అన్నారు ప్రేమగా. "మీ నాన్నను వెళ్లగొట్టంలే. దున్నుకుంటాడు. పంటలో మూడో వంతు ఇస్తాడు. అంతేగా."

నాన్నా, ఆమె చెడ్డ మనిషి కాదు. చదువు చెప్పేటప్పుడు మమ్మల్ని ఎప్పుడూ కొట్టరు. అయినా మూడో వంతు ఇస్తే చలికాలం చివర మీరేం తింటారో నాకు తెలుసు. తొందరపడి ఏమీ చెయ్యకు. నేను ఇంకోసారి అడుగుతాను.

కొల్గు గురువుగారి చివరి మాట నాకు అర్థం కాలేదు. ఆయనకు నా నమస్కారం చెప్పు.

రోనత్


వంకచేను దగ్గర ఇల్లు
తపస్సు కాలానికి నాలుగు వారాల ముందు
బెకన్ చెప్పగా కొల్గు రాసినది

ఒసే రోనతూ,

నిన్ను చదువుకు పంపితే నా చేను రాసిచ్చేస్తావా? (ఈ వాక్యం తర్వాత మీ నాన్న అన్న ఆరు మాటలు నేను రాయలేదు. గురుపట్టం పుచ్చుకున్నవాణ్ణి. కొల్గు.)

అడగొద్దు. ఇంకోసారి అడిగితే ఇల్లు కూడా వాళ్లకి గుర్తుకొస్తుంది.

సిలువ పీకబోయాను. మీ అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది, పాపం తగులుతుందని. రాజు దగ్గరికెళ్లాను. దానమిచ్చింది నా తాతేగానీ నేను కాదుగా, నన్నడుగుతావేంటి అన్నాడు. తనది కాని చేను దానం చేసిన తాత, అది తనకేం సంబంధమంటున్న మనవడు. గడ్డం మొలవకపోవడంలో తప్పు లేదులే.

ఇంక మన పెద్దల ధర్మమే దిక్కు. గుమ్మంలో పస్తు కూర్చుంటాను. పెద్దింటివాడు అన్యాయం చేస్తే పేదవాడికి ఇంకేముంది, వాడి గుమ్మం ముందు తిండి మానేసి కూర్చోవడం తప్ప. నేను తిననంతకాలం మీ తల్లిగారూ తినకూడదు. లేదా న్యాయం చేస్తానని పూచీ ఇచ్చి నన్ను లేపాలి. రెండూ చెయ్యకుండా నా ఎదుట ముద్ద మింగిందా, దావా పోయినట్టే, తీసుకున్నదానికి రెట్టింపు ఇచ్చుకోవాలి. మఠమైనా, రాజైనా.

ముందుగా కబురుపెట్టాలిగా. ఇదే కబురు. ఈ పలక మీ తల్లిగారికి చూపించు. తపస్సులో మూడో సోమవారం పొద్దున్నే మీ గేటు ముందుంటాను. కొల్గు గురువుగారు సాక్షిగా వస్తారు. (దారి ఖర్చుకు ఇంకో వెన్నముద్ద అడిగాను. తపస్సులో వెన్న తినకూడదు కదా అంటాడు. పండక్కి దాచుకుంటానన్నాను.)

నువ్వు లోపలా, నేను బయటా. నా వైపు చూడనక్కర్లేదు.

మీ నాన్న.


ఎర్కా మఠం
తపస్సులో మొదటి శుక్రవారం

నాన్నా,

నీ పలకను తల్లిగారికి ఇచ్చాను. తేదీ దగ్గర కొల్గు గురువుగారు "తపస్సుకు నాలుగు వారాల ముందు" అని తప్పుగా రాశారు. నీ పలక చేరేనాటికే మాకు తపస్సు మొదలైంది. మన ఊరివాళ్ల లెక్క చూసి ఇక్కడ నవ్వకుండా, నేనే మైనం రాసి దిద్దాను. ఆయనకు చెప్పకు, బాధపడతారు.

తల్లిగారు చదివి, "మంచి కబురే" అన్నారు. అంతే.

నాన్నా, రావద్దు. బతిమాలుతున్నాను. నువ్వు పూట ఆలస్యమైతే గిన్నెలు విసిరే మనిషివి. వీళ్లు పస్తులో పండిపోయినవాళ్లు. తపస్సు నలభై రోజులూ రోజుకొక రొట్టె ముక్క, ఇన్ని నాచు ఆకులు, నీళ్లు. మా వంటక్క నిరుడు వారం రోజులు ఉత్త నీళ్లతో ఉండి, బరువైన చట్టి కూడా ఎత్తింది. ఇలాంటి వాళ్ల ముందు పస్తు కూర్చుంటే, చేపను నీళ్లలో ముంచి బెదిరించినట్టే. తల్లిగారు మూడో సోమవారం నీకు తోడుగా హాయిగా పస్తుంటారు. నువ్వు గురువారానికల్లా కళ్లు తిరిగి పడిపోతావు.

ఇంతవరకు రాసి ఆపాను. మన ఊరికి పలకలు తీసుకొచ్చే నాచు అమ్మే ఆమె రాలేదు, పలక నా దగ్గరే ఉండిపోయింది.

ఇవాళ మూడో సోమవారం. తెల్లవారక ముందే గేటు పక్కన నిలబడ్డాను. తల్లిగారు నిన్నటి నుంచే ఏమీ ముట్టలేదు. మధ్యాహ్నం అయింది. సాయంత్రం అయింది. నువ్వు రాలేదు. రావద్దని రాసింది నేనే. ఆ ఉత్తరం నీకు చేరనే లేదు, అయినా రాలేదు. మంచిదే అనుకోవాలి, అనుకోలేకపోతున్నాను.

తల్లిగారు నవ్వి, "మీ నాన్న తెలివైనవాడు" అన్నారు. కబురు పెట్టి రాకపోతే ఆ దావా వీగిపోతుందట.

రేపటి నుంచి ఈస్టర్ దాకా మా పలకలు తీసేసుకుంటారు. బయటి నుంచి వచ్చే ఉత్తరాలు గేటు దగ్గర బుట్టలో పడతాయి, పండుగ రోజునే విప్పుతారు. ఈ ఉత్తరానికి జవాబు తొందరగా రాయనక్కర్లేదు. నువ్వు రాలేదు కాబట్టి నాకు కూడా చెప్పడానికి ఏమీ లేదు.

రోనత్


వంకచేను దగ్గర ఇల్లు
తపస్సు కాలానికి వారం ముందు
బెకన్ చెప్పగా కొల్గు రాసినది

అమ్మాయీ,

నీకు మతిపోయిందా? మూడో సోమవారం ఎక్కడొచ్చింది? ఇంకా తపస్సే మొదలవ్వలేదు. నిన్న మీ అమ్మ పందికొవ్వుతో ఉల్లికాడలు వండింది, ఊరంతా తింటోంది. నువ్వు ఎవరికోసం గేటు దగ్గర నిలబడ్డావు?

(అమ్మాయీ, కొల్గును. తేదీ దిద్దావట. ఈ మాట మాత్రం మీ నాన్నకు చదివాను, ఎందుకంటే ఈ అవమానం నేనొక్కణ్ణే మొయ్యలేను. నువ్వన్న ఉత్తరాది మూర్ఖుల్లో ఒకణ్ణి నీకు అయిదేళ్లప్పుడు బాప్తిస్మం ఇచ్చిన నేనే. మా గురువు నేర్పిన పాత లెక్కే నా లెక్క. ఎర్కాదీ అదే. నీ మఠం కొత్త లెక్కకు మారి ముప్పై ఏళ్లు కాలేదు. చంద్రుణ్ణి చూడటం నాకూ వచ్చు.)

అదంతా నాకు తెలీదు. మన తపస్సు మూడో సోమవారం ఎప్పుడో ఆ రోజే వస్తా. మీ తల్లిగారికి చెప్పు. చెప్పలేదనిపించుకోకు.

మీ నాన్న.


ఎర్కా మఠం గేటు బయట
తపస్సులో మూడో సోమవారం, మధ్యాహ్నం
బెకన్ చెప్పగా కొల్గు రాసినది

అమ్మాయీ,

గోడ మీద నుంచి ఈ పలక విసురుతున్నాం. ఎవరి నెత్తిన పడినా నీకిమ్మని చెప్పు.

తెల్లారేసరికి వచ్చి కూర్చున్నా. గేటు కాసే ముసలామె నన్ను చూసి, "పండక్కొచ్చావా నాయనా, లోపలికి రా" అంది. "పస్తుకొచ్చానమ్మా" అన్నా. "ఇవాళా?" అని మీ తల్లిగారి దగ్గరికి పరుగెత్తింది.

ఏం జరుగుతోందే లోపల? పంది మాంసం కాలుతున్న వాసన. బార్లీ కల్లు పీపా ఎవరో దొర్లిస్తున్నారు. రాజుగారి కవి పాడుతున్నాడు, రాజుగారు గేటు కంతలోంచి తొంగిచూశారు. చేతిలో పంది తొడ ఉంది. నన్ను చూసి దాన్ని వీపు వెనక దాచారు. మీ తల్లిగారు గిన్నె పట్టుకుని వచ్చి, నిలబడి, నా కళ్లెదుట నాలుగు ముద్దలు తిని, "క్రీస్తు లేచాడు, బెకన్" అంది.

"మా ఊళ్లో ఇంకా పడుకోనే లేదమ్మా" అన్నాను.

(నేను చూశాను, సాక్షిని. నాలుగు కాదు, అయిదు ముద్దలు. కొల్గు.)

నాకు ఆకలిగా ఉంది. అది ఎవరికీ చెప్పకు.

మీ నాన్న.


ఎర్కా మఠం
ఈస్టర్ తరువాతి మంగళవారం

నాన్నా,

నీ ముందటి ఉత్తరం బుట్టలో ఉంది. నిన్న పొద్దున దాన్ని విప్పేసరికి నువ్వు గేటు ముందున్నావు. కొల్గు గురువుగారికి చెప్పు, ఆయన లెక్క తప్పని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. అయినా మూర్ఖులు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన తేదీని దిద్దినందుకు సిగ్గుపడుతున్నాను.

గేటు వదిలితే పస్తు చెల్లదు కాబట్టి నువ్వు లోపలికి రాలేదు. లోపల జరిగింది నీకు తెలియాలి.

నిన్న సాయంత్రమే తీర్పరిని పిలిపించారు. భోజనశాలలో కూర్చోబెట్టారు. తల్లిగారు, "ఈస్టర్ మొదలు యాభై రోజులు ఉపవాసం పాపం. ఇది పండుగ. మేం తినడం ధిక్కారం కాదు, విధి. పైగా అతను చెప్పిన సోమవారం నెల కిందటే దాటిపోయింది" అన్నారు. రాజుగారు, తాను తినలేదనీ, ఉడికిందో లేదో చూశాననీ చెప్పారు.

తీర్పరి తల పట్టుకున్నాడు. "ఇతని లెక్కన ఇవాళ తపస్సు, కబురు సరైనదే, మీరు ఓడినట్టు. మీ లెక్కన పండుగ, కబురు చెల్లదు, అతను ఓడినట్టు. అంటే ఆ చేను ఎవరిదో తేలాలంటే క్రీస్తు ఎప్పుడు లేచాడో నేను చెప్పాలి. వందేళ్లుగా పెద్దపెద్ద సభలు తేల్చలేదు. నేను ఆవుల తగాదాలు తీర్చేవాణ్ణి" అన్నాడు.

అప్పుడు తల్లిగారు నన్ను పిలిచారు. "మా రోనత్ లెక్కలో దిట్ట. వేళ్ల మీద కట్టి చూపిస్తుంది" అన్నారు. నన్ను అందరి ముందూ మెచ్చుకోవడం అదే మొదటిసారి. నేను నిలబడి కట్టాను. నాన్నా, అబద్ధం చెప్పలేదు. కొత్త లెక్కన నిన్న పండుగే. అలాగే చెప్పాను. రాజుగారు పంది తొడ మళ్లీ బయటికి తీశారు.

తీర్పరి, "దావా ఆ చేను గురించే కదా. ఆ దానం జరిగిన ఏడు కూడా ఈ లెక్కే నడుస్తుందా?" అని ఊరికే అడిగాడు. పుస్తకంలో నేనే వేసిన ఆ ఏడు కూడా కట్టాను. పాత లెక్క ఎప్పుడూ వెనకే రాదు. కొన్నేళ్లు వారం ముందు వస్తుంది. ఆ ఏడు అలాగే వచ్చింది. ఎర్కా పాత లెక్క మనిషి. ఆమె ఈస్టర్ అనుకుని పాలు తాగిన ఆ ఉదయం, కొత్త లెక్కన మట్టల ఆదివారం, అంటే ఇంకా తపస్సే.

నేను దాన్ని అలాగే చదివాను. "కొత్త లెక్క సరైనదైతే, పునీతురాలు ఎర్కా తపస్సులో పాలు తాగి ఉపవాసం చెరిచింది. పాత లెక్క సరైనదైతే ఆమెది అద్భుతమే, కానీ ఇవాళ తపస్సు, ఈ బల్ల మీద పంది ఉంది" అన్నాను. ఎవరూ నమలలేదు.

తల్లిగారు నన్ను చాలాసేపు చూశారు. కోపంగా కాదు. నాకు పాఠం చెప్పేటప్పుడు, ఇంకో ప్రశ్న వేస్తానేమోనని ఆగి చూసేవారు, అలా. చివరికి ఆమె ఎర్కానే ఎంచుకున్నారు. చేను పోతే ఒక చేను పోతుంది. పునీతురాలు పాపి అయితే మఠమే పోతుంది.

తీర్పు నువ్వు గేటు దగ్గరే విన్నావు. పూర్తిగా మాత్రం నీకు చదివి ఉండరు. "ఈ సోమవారం, ఈ గేటు పరిధిలో, పాత లెక్క నిజం. గేటు దాటాక ఎవరి ఈస్టర్ వారిది" అని తీర్పరి రాయించాడు. రాసింది నేనే.

నీ చేను నీకు వచ్చింది నాన్నా. ఇంటికెళ్లి తిను. నెమ్మదిగా తిను.

నన్ను రాతగది నుంచి ఉల్లిమడులకు మార్చారు. గాలి బాగుంటుంది.

రోనత్


వంకచేను దగ్గర ఇల్లు
ఈస్టర్ మర్నాడు, అసలు ఈస్టర్
బెకన్ చెప్పగా కొల్గు రాసినది

నా బంగారు తల్లీ,

సిలువ పీకి వంటచెరుకు చేద్దామనుకున్నా. మీ అమ్మ ఒప్పుకోలేదు, కోళ్లగూటికి గుంజ చేశాం. వంకచేలో బార్లీ విత్తనం చల్లాను. ఊళ్లో నన్నిప్పుడు పస్తు బెకన్ అంటున్నారు. నాలుగు ఊళ్ల నుంచి జనం వస్తున్నారు, ఎలా కూర్చోవాలి, ఏ వైపు తిరగాలి అని. కొల్గు గురువుగారు సాక్ష్యానికి ఇన్ని వెన్నముద్దలని ధర పెట్టారు. (మనిషికో ముద్ద. ఎక్కువేం కాదు.)

ఇంకో శుభవార్త. రెట్టింపు అన్నారుగా. నా చేను పోగా ఇంకో చేను మఠం నాకు ఇచ్చుకోవాలి. మొన్ననే ఇచ్చారు. మన పక్కదే, కంచె తీసేస్తే ఒకే చెక్క. అదే, క్రోన్ చేను. మంచి నల్లమట్టి. ఆమె దున్నించలేక గడ్డి పెంచేది.

క్రోన్ వచ్చి కంచె దగ్గర నిలబడింది. ఈసారి నవ్వలేదు. "బావా, మఠం ఓడిపోయిందిగా. నాది నాకొస్తదా?" అంది. "నీది మఠానికెప్పుడో పోయింది. మఠానిది నాకొచ్చింది. నీకూ నాకూ మధ్యన ఏముంది?" అన్నాను. న్యాయమే కదా. తీర్పరి అడిగితే నువ్వూ అదే చెబుతావు.

ఒక్కటే భయం. రేపు ఆమె కొడుకు పెద్దవాడై పేచీ పెడితే? అందుకని నువ్వు చిన్న పని చేసిపెట్టు. నీకు రాత వచ్చుగా. మన ముత్తాత ఆ చేలో ఏదో చేసినట్టు, ఎర్కా తల్లి చూసి దీవించినట్టు, నాలుగు ముక్కలు రాసి పంపు. పాలు వద్దు, పాలు పాతబడిపోయాయి. తేనె బాగుంటుంది.

మీ నాన్న.


ఎర్కా మఠం, ఉల్లిమడులు
మా లెక్కన ఈస్టర్ తరువాత అయిదో శనివారం, మీ లెక్కన మొదటిది

నాన్నా,

రెండు తేదీలూ వేశాను. ఈసారి ఏ రోజో తెలియలేదని ఎవరూ అనకూడదు.

క్రోన్ అత్త చేను మఠానికి ఎలా పోయిందో నాకు ఇంతవరకు తెలియదు. అది నేను రాతగదికి రాకముందు రాసిన పుట. ఉల్లిమడుల్లో ఉన్నా, పాత పుటలకు పురుగు పట్టకుండా ఎండలో వేసే పని నాదే. నిన్న వేశాను, చదివాను. మఠంలో దాచిన ఎర్కా ముసుగు గాలికి ఎగిరి వచ్చి క్రోన్ అత్త చేలోని ముళ్లపొదకు తగులుకుందట, అంటే ఆ చేను ఆమె కోరినట్టేనట. అది ఎవరు చూశారంటే, "పక్కచేను బెకన్ కళ్లారా చూసి ప్రమాణం చేశాడు" అని ఉంది. కింద తేదీ ఉంది. ఆ తరువాతి వారం నన్ను మఠంలో చదువుకు తీసుకున్నారు. నువ్వు ఒక్క ఆవే ఇచ్చావని, అంత తక్కువకు మఠం ఎలా ఒప్పుకుందోనని అమ్మ ఎప్పుడూ ఆశ్చర్యపోయేది.

పుస్తకంలో ఒక మూల నీ పేరు రాయమన్నావు. ఉంది నాన్నా. నాకంటే ముందే ఎవరో రాశారు. మూలన కాదు, మధ్యలో.

నాకు అక్షరం నేర్పించినందుకు నీ మీద కోపం రావడం లేదు. నీ కాళ్లకు దండం పెట్టాలనే ఉంది. అయితే ఆ అక్షరం ఎవరి చేను అమ్మి కొన్నదో తెలిశాక, తేనె కథ రాయడానికి చెయ్యి రాదు. పాల కథ ఒకసారి తెలియక రాశాను. ఇది తెలిసి రాయాలి.

తల్లిగారిని సెలవు అడిగాను. దేనికో చెప్పాను. ఆవిడ ఇంత తొందరగా దేనికీ ఒప్పుకోవడం నేను చూడలేదు. "మీ నాన్న గుమ్మంలోనా? ఎన్నాళ్లైనా ఉండి రా తల్లీ" అని, దారికి రెండు రొట్టెలు కూడా ఇప్పించారు. అవి మీ కంచె చేరేలోపే తినేస్తాను.

వచ్చే సోమవారం పొద్దున్నే మన గుమ్మం ముందు కూర్చుంటాను. ఇద్దరి లెక్కల్లోనూ ఇవి పండుగ రోజులే, పస్తు పాపమైతే ఆ పాపం నేనే మోస్తాను. ఈ ఉత్తరమే కబురు. కొల్గు గురువుగారు సాక్షి, ఆయన వెన్న ఆయన ఎవరి దగ్గర తీసుకున్నా సరే. క్రోన్ అత్త చేను ఆమెకు ఇస్తానని పూచీ ఇచ్చేదాకా లేవను. ఈ మఠంలో రెండేళ్లలో నేను నేర్చుకున్నది రాత ఒక్కటే కాదు. తపస్సు నలభై రోజులూ ఒక్కపూట కూడా తప్పకుండా ఉపవాసం ఉన్నాను, రెండుసార్లు. నువ్వు ఎన్ని పూటలు ఆగగలవో నీకూ నాకూ తెలుసు.

అమ్మకు చెప్పు, సోమవారం నుంచి నాకోసం ఏమీ వండొద్దని. నీకోసం కూడా.

రోనత్